కారుకు పౌడరు పూసిన రోజు

నా చిన్నప్పుడు నేను ఒకచోట కుదురుగా కూర్చోవడం చూశామని చెప్పేవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు. అన్నం ముందు కూర్చున్నా ఒక కాలు గడప వైపే ఉండేది. దీని అరికాళ్లలో చీమలు కాపురం పెట్టాయని మా అవ్వ విసుక్కునేది. అరవై దాటిన ఈ వయసులో కూడా డాక్టరు దగ్గర వరసలో కూర్చోవాలంటే నాకు ప్రాణసంకటమే. అలాంటి నన్ను ఒకనాడు చాలాసేపు పాత కారు ముందు కదలకుండా కూర్చోబెట్టిన ముసలాయన ఒకరున్నారు. ఆయన సంగతి చెప్పాలంటే ముందు మా మామ సంగతి చెప్పాలి.

మాది రూపనగుడి. నాన్నకు కాస్త పొలం, ఒక పాత కారు ఉండేవి. పెళ్లివాళ్లనైనా, పురిటికి వెళ్లేవాళ్లనైనా బళ్లారికి చేర్చాలంటే చుట్టుపక్కల దానికే కబురు వచ్చేది. తోలేది మా మామ, అమ్మకు తమ్ముడు. దేశనూరులో వాళ్ల నాన్న పోయాక, మీసాలు మొలవని వయసులో మా ఇంటికి వచ్చి ఉండిపోయాడు. నన్ను పక్కన నిలబెట్టుకుని హారన్ కొట్టనిచ్చే మనిషి కాబట్టి లోకంలో నాకు ఆయన్ని మించినవాళ్లు లేరు. నాన్నకు మాత్రం ఆయన మీద ఎప్పుడూ ఒక కన్ను ఉండేది. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాడేమో. ఇంటి మనిషి కావడంతో లోలోపలే పళ్లు నూరుకునేవాడు.

ఆ ఏడు దసరా వెళ్లిన వారానికి కారు కింద నూనె పడడం మొదలైంది. పొద్దున్నే అవ్వ ముగ్గు వేసే బండ మీద నల్లటి మరకలు కనిపించేవి. ఆమె బూడిద చల్లి రుద్దుతూ సణిగేది. మామ సాయంత్రం పూట కారు కింద దూరి బోల్టులు బిగించేవాడు. ఇంజను పైమూత కింద ఉండే ప్యాకింగు పోయిందని కొత్తది తెచ్చి తనే వేశాడు. నాలుగు రోజులు ఆగి మళ్లీ కారింది. ఇంకొకటి వేశాడు. అదీ అంతే. ఒకసారి పెళ్లివాళ్లను తీసుకుపోతుంటే వేడి గొట్టం మీద నూనె పడి బండి నిండా పొగ కమ్మింది. పెళ్లికూతురు దగ్గుకుంటూ దిగిపోయి వేరే బండి ఎక్కింది. దాంతో ఊళ్లో మా కారు పేరు చెడింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర నాన్న తల ఎత్తకుండానే మామతో అన్నాడు. "నువ్వు బండి తోల్తాండావా, సంపుతాండావా? రేపు కౌల్ బజారుకు తీసకపోదాం. నీ చేతి తప్పేనని మేస్త్రీ అన్నాడంటే తాళాలు నాకిచ్చి దేశనూరికి పోప్పా."

అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. దేశనూరులో మామకు ఇల్లు లేదు, నా అన్నవాళ్లు లేరు. ఆ సంగతి ఆ మాటన్న నాన్నకూ తెలుసు, విన్న మాకూ తెలుసు.

మర్నాడు బడికి వెళ్లనని మొండికేసి కారెక్కి కూర్చున్నాను. దింపే ఓపిక ఎవరికీ లేకపోయింది. గని లారీ ఎదురైనప్పుడల్లా ఎర్రదుమ్ము లేచి అద్దాల మీద పడేది. ఆ దుమ్ముతో మా అవ్వకు నిత్యం యుద్ధమే. ఇంట్లో ఏ కంతనూ తెరిచి ఉండనిచ్చేది కాదు. పాత చీరలు చించి, ఉండలు చుట్టి, కిటికీ సందుల్లోనూ తలుపు పగుళ్లలోనూ కుక్కేది. సీమనూనె డబ్బా మూతికి గుడ్డ, బియ్యం డబ్బాకు గుడ్డ, మంచినీళ్ల కుండకు గుడ్డ. ఆ ఉండలు చుట్టడంలో నేనే ఆమెకు కుడిచెయ్యి.

బళ్లారి కౌల్ బజార్లో ఒక ఇరుకు సందు చివర ఉండేది మేస్త్రీ షెడ్డు. ఆయన తెల్లగడ్డం సాయబు. చెవి మడతలో అత్తరు దూది, చేతుల నిండా మడ్డి. నాన్న బానెట్టు ఎత్తి, నూనె రాలే చోటు చూపించి, అక్కడే పట్టి బిగించమని తొందరపెట్టాడు.

"రాలిన చోట సూస్తే ఏమి దొరుకుతాది సామీ," అన్నాడు మేస్త్రీ తాపీగా. "యాడో పైన పుట్టి, దిగి దిగి ఈడ రాల్తాది. మొదుల దీనికి స్నానం చేపియ్యల్ల."

సీమనూనె, కుంచె పెట్టి ఇంజనంతా కడిగించాడు. కడిగింది ఆరాలన్నాడు. నాన్న సందు మొదటి దాకా వెళ్లి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు, టీ తెప్పించుకుని సగం తాగి పారబోశాడు. నేను కాలుకాలిన పిల్లిలా ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతున్నాను. మామ ఒక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కూడా తిరిగితే బాగుండునని నాకనిపించింది, ఎందుకంటే అంత నెమ్మదిగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఇంజను ఆరాక మేస్త్రీ లోపలికి వెళ్లి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చాడు. కుంచెతో అద్ది ఇంజను మీద పైనుంచి కింద దాకా చల్లాడు. మడ్డి కంపు కొట్టే షెడ్డంతా మల్లెపూల వాసన వేసింది. అంత దిగుల్లోనూ మామ ఊరుకోలేకపోయాడు.

"ఏంది మేస్త్రీ, పెండ్లిచూపులకా?"

నేను పకపకా నవ్వాను. నాన్న మొహం చూసి ఆపేశాను.

మేస్త్రీ నన్ను పిలిచి ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చోబెట్టాడు. "బేటీ, నీయి సన్నపిల్ల కండ్లు. ఇంజను నడుస్తాంటే పౌడరు మొదుల యాడ తడుస్తాదో సూసి సెప్పు. కదలకుండా సుమ్నే కూసోవల్ల. అటూ ఇటూ సూస్తే తప్పిపోతాది."

ఇంజను మొదలైంది. నేను కూర్చున్నాను. వేళ్లు దురదపెట్టాయి, వీపు దురదపెట్టింది, కాళ్లు వాటంతటవే ఊగాయి. కళ్లు మాత్రం తిప్పలేదు. మామ తప్పు కాదని తేల్చే తడి ఎక్కడో ఒకచోట పుట్టాలి కదా అని దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను. చాలాసేపటికి ఆ తెల్లదనంలో ఒక సన్నటి గీత నల్లబడింది. సరిగ్గా పైమూత కింద, మామ వేసిన ప్యాకింగు దగ్గర. చూసి కూడా నోరు మెదపలేదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదన్నంత పిచ్చి ఆశ నాకు.

కానీ నాన్న చూశాడు. "సూసినావా మేస్త్రీ? వీడేసిందే."

"స్వల్ప ఠైరో సామీ," అని నాన్నను ఆపి మేస్త్రీ ఇంజను మీద నూనె పోసే మూత విప్పాడు. బుస్సుమని వేడిగాలి ఆయన గడ్డాన్ని లేపింది. నిలబడ్డవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఇదో, దీనికి ఊపిరాడక యాడ సందు దొరికితే ఆడ కక్కుతాండాది. ప్యాకింగులు పది ఏసినా ఇంతే."

ఇంజను ఆపించి, వెనక వైపు కిందికి వంగి ఉన్న సన్నటి గొట్టంలోకి కొక్కెం తీగ పెట్టి లాగాడు. నల్లటి ముద్ద ఒకటి ఊడి వచ్చింది. బొటనవేలితో నలిపితే మడ్డి కింద ఆకుపచ్చ రంగు కనిపించింది. అది మా అవ్వ చీర.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయుధ పూజ నాడు మామ కారు కడుగుతుంటే నేను ఇంజనుకు కుంకుమ బొట్లు పెడుతూ ఆ గొట్టం ఏమిటని అడిగాను. ఇంజను దీంట్లోంచే ఊపిరి వదులుతుందని చెప్పి ఆయన నీళ్లకు వెళ్లాడు. ఊపిరి వచ్చే దారిలోనే దుమ్మూ పోతుంది కదా, మామ కారుకు దగ్గు రాకూడదు కదా అని నేను ఇంట్లోంచి ఒక ఉండ తెచ్చి వేలితో కుక్కేశాను. ఎంత బాగా కుక్కానంటే, ఆ పని అయిపోయిందని మరిచే పోయాను.

"ఎవురు పెట్టినారు ఇది?" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

మామ ఒక్క క్షణం నా వైపు చూశాడు. "నేనే బావా. దుమ్ము పోతాదని పెట్టి మర్సిపోయినా."

నాన్న అరచెయ్యి చాపాడు. మామ తాళాలు అందులో పెట్టాడు. భుజం మీది తువ్వాలు సర్దుకుని సందులోకి నడిచాడు. రోజంతా గలగలమనే నా నోరు ఆ పూట పెగలలేదు. చెప్పాలని ఉంది. నాన్న కొడతాడని కాదు, నాన్న దృష్టిలో మామలాగే నేనూ పడిపోతానేమోనని భయం. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, మామ వెళ్లిపోతుంటే కాసేపు నేను నాకోసమే భయపడ్డాను.

తర్వాత ఎలా లేచానో తెలియదు, డబ్బా దొర్లిన చప్పుడు మాత్రం గుర్తుంది. "నేను పెట్టినా నాన్నా. మామ కాదు," అన్నాను. ఏడుపులో మాట సరిగా రాలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అది విని సందు మొదట్లో మామ ఆగిపోయాడు.

నాన్న నమ్మలేదు. మేస్త్రీ తన వేలు ఆ గొట్టంలో పెట్టబోయి చూపించాడు. గోరు కూడా పట్టలేదు. నాన్న తన వేలు పెట్టి చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని చిటికెనవేలు పెట్టించాడు. అది సులువుగా దిగిపోయింది. ఆ వేలిని చాలాసేపు వదలలేదు. వదిలాక, ఎవరి దగ్గరకూ తనంతట తాను వెళ్లని మా నాన్న సందులోకి పరుగులాంటి నడకతో వెళ్లాడు. అక్కడ ఏమన్నాడో నాకు వినిపించలేదు. తిరిగి వచ్చేటప్పుడు తాళాలు మామ చేతిలో ఉన్నాయి. నాన్న వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. ఇంటికి చేరాక మామను చూపిస్తూ అమ్మతో, "పిల్లోడు పొద్దుట్నుంచి ఏమీ తినలే, అన్నం పెట్టు," అని మాత్రం అన్నాడు. మామ పిల్లాపాపలయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు.

ఎందుకు అబద్ధం చెప్పావని పెద్దయ్యాక ఆయన్ని అడిగాను. "నాకైతే ఇంగొక ఊరు దొరుకుతాది. నీకు ఇంగొక నాయన యాడ దొరుకుతాడు?" అని నవ్వేశాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఏదైనా చెడిపోయి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, నేను ముందు నా చేతులు చూసుకుంటాను. తప్పు నాదైతే అడగకముందే చెప్పేస్తాను. మనవళ్లు దాన్ని నా మంచితనం అనుకుంటారు, నేనూ కాదనను. మామకు అబద్ధమాడడానికి రెప్పపాటు చాలింది. నిజం చెప్పడానికి నాకు ఆయన సందంతా నడిచేంత సేపు పట్టింది. ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే మలుపు తిరిగిపోయేవాడు.