హాలెండులో గీసిన చెరువు

పోయిన వారం అనంతపురంలో రెండు రోజులు వరసగా వాన కొట్టి మా కాలనీ వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి. మూడోరోజు పొద్దున మున్సిపాలిటీ వాళ్ళు ఆయిలింజను తెచ్చి ఆ నీళ్ళను లాగి పెద్ద కాలవలోకి వదలడం మొదలుపెట్టారు. వీధంతా సంబరపడుతుంటే నేను మాత్రం గేటు పట్టుకుని ఆ పైపు వైపే చూస్తూ నిలబడ్డాను. ఎదురింటాయన గమనించి, "ఏమన్నా, అట్ల చూస్తాండావు? నీ సొమ్మేమన్నా పోతాందా అందులో?" అన్నాడు. నీళ్ళు బయటికి పంపడంలో నాకు డిప్లొమా ఉందనీ, అందుకోసం సర్కారు నన్ను విమానమెక్కించి హాలెండు పంపిందనీ చెబితే ఆయన నమ్మడు. ఒక్కోసారి నాకే నమ్మకం కుదరదు.

ఎనభైల మొదట్లో నేను భూగర్భ జలాల ఆఫీసులో చిన్న ఇంజనీరును. ఊరూరూ తిరిగి బావుల్లోకి టేపు వదిలి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రాసుకోవడం నా పని. ఏటికేడు టేపుకు ఇంకో ముక్క కట్టుకోవాల్సి వచ్చేది. అట్లాంటి జిల్లా నుంచి, పొలాల్లో ఎక్కువైన నీళ్ళను తీసేసే చదువుకు మనిషిని పంపాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో ఈరోజుకీ తెలియదు. మా ఆఫీసు నుంచి అట్లా వెళ్ళినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. బయల్దేరే ముందు మా పెద్దసారు పిలిచి, "పాసై కాగితంతో రావల్ల. నువ్వు ఉత్త చేతుల్తో వస్తే ఇంగ ఈ జిల్లా నుంచి ఎవర్నీ పంపరు. మనందరి పరువూ నీ చేతిలో ఉండాదప్పా" అన్నారు. ఆ మాట నాతోపాటు విమానమెక్కింది.

అక్కడ వాన కురవని రోజు తక్కువ. సైకిళ్ళ మీద తడుస్తూ క్లాసుకు పోతే, కుర్చీల వెనక తగిలించిన కోట్ల నుంచి పాఠం సగం అయ్యేదాకా నీళ్ళు కారుతూనే ఉండేవి. పగటిపూట కూడా లైట్లు వేసే పాఠం చెప్పేవాళ్ళు. మధ్యాహ్నం రెండు రొట్టె ముక్కల మధ్య జున్నులాంటిదేదో పెట్టుకుని తినాలి. మా చెల్లెలు కట్టిచ్చిన శెనక్కాయల పొడి దాని మీద చల్లుకుంటే నాలుక్కి కాస్త ఊరు గుర్తొచ్చేది. నా గదిలో ఉండే సూడాను అతను ఆ పొడి మొదట అనుమానంగా చూసి, తర్వాత డబ్బాలో సగం తనే ఖాళీ చేశాడు. అతనిదీ ఎండల దేశమే. అయినా కుళాయి తిప్పి వదిలేసి గిన్నెలు కడుగుతూ పాటలు పాడేవాడు, నేను వెనకే వెళ్ళి కుళాయి కట్టేసేవాణ్ణి.

మొదటి నెలలోనే మా మాస్టారు మమ్మల్ని పొలానికి తీసుకెళ్ళి, ఇనప బరమాతో నేలకు బెజ్జం వేయించారు. నిండా రెండు మూరలు పోలేదు, అడుగున నీళ్ళు ఊరాయి. మా ఊళ్ళో, గుమ్మఘట్ట దగ్గర, నాయనా చిన్నాయనలూ ప్రతి ఎండాకాలం బావిని ఇంకో నిలువు లోతు చేస్తూ వచ్చారు. జల పడిన రోజు ఎవరైనా చెప్పులు దూరంగా విడిచి, ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని గానీ మాట్లాడరు. నేనూ అలవాటుగా బూట్లు విప్పి, బెజ్జంలో వేళ్ళు ముంచి కళ్ళకద్దుకున్నాను. కంట్లో నలుసు పడిందనుకుని మాస్టారు జేబురుమాలు ఇచ్చారు.

చదువంతటికీ గండం చివరి డ్రాయింగు. ఒక పెద్ద పొలం పటం ఇచ్చి, నిలిచిన నీళ్ళను ఎన్ని కాలవల్లోకి, ఏ వాలుతో మళ్ళించి, ఏ పంపుతో సముద్రం వైపు తోలాలో గీయమంటారు. కాలవలు సరిగ్గానే గీశాను, లెక్కలూ తప్పలేదు. చివర పంపు పెట్టాల్సిన చోట మాత్రం కట్ట వేసి, తూము పెట్టి, అలుగుతో సహా చెరువు గీశాను.

"ఇదేమిటి?" అన్నారు మాస్టారు.

"చెరువండీ. వేసవికి."

"ఇక్కడ వేసవిలోనూ వాన పడుతుంది."

"పడకపోతే?"

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఈ కట్ట వెనక నీళ్ళు నిలిస్తే మొదటి చలికాలంలోనే చేలన్నీ చచ్చిపోతాయని చెప్పి ఫెయిలని రాశారు. రెండోసారి ఇచ్చినప్పుడు బాగా తగ్గించి గీశాను. "చిన్నదైంది. కానీ ఇదీ చెరువే" అని మళ్ళీ ఫెయిలు చేశారు. ఇంకొక్క అవకాశమే మిగిలింది. "నీళ్ళు వాళ్ళవి, మార్కులు నీవి" అన్నాడు సూడాను అతను. అతను పంపు గీసి ఎప్పుడో పాసైపోయాడు. నాకూ తెలుసు. పెన్సిలు పట్టుకుంటే పంపు గీయడానికి చెయ్యి పోయేది కాదు. పెద్దసారు మాట గుర్తొచ్చి భయమేసేది, నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చేది. ఆ దుఃఖంలోనే జరిగిందంతా ఇంటికి ఉత్తరం రాశాను.

నాయనకు చదువు రాదు. ఆయన చెప్పింది చెప్పినట్టు చెల్లెలు రాసేది. దగ్గు తప్ప అన్నీ కాగితం మీదికి వచ్చేవి. మూడు వారాలకు జవాబు వచ్చింది.

"ఏమప్పా, బాగుండావా. ఈడ వాన లేదు, తక్కినదంతా బాగుండాది. చెరువు కింద మన చౌడు మడి ఉండాది గదా. అది మొదట్నుంచీ చౌడు గాదు. నా పెండ్లి నాటికి ఆడ వరి పండేది. తూము కారి కారి, నీళ్ళు నిలబడి చెడింది. కాలవ తీసి వంకలోకి వదుల్దాం రా అని మీ తాత అన్నాడు. నేనే అడ్డం పడినా. మన నీళ్ళు మనమే పోగొట్టుకుంటామా అని ఎగిరినా. ఎండి చచ్చిన చేను వానొస్తే లేస్తాది. నీళ్ళు నిలిచి చచ్చింది లేచేది నేను చూడలా. తప్పు నాదే అని మీ తాతకు చెప్పలేకపోతి, ఆయన పాయ. నీకు చెప్తాండా. వాళ్ళ నీళ్ళు వాళ్ళను పంపుకోనీ. గీసిచ్చి రా."

కింద చెల్లెలు తన మాటగా రాసింది: "ఇది చెప్పి నాయన లేచి బయటికి పోయినాడు."

ఆ మడిలో గడ్డి మొలవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. అది దేవుడు చేసిన నేల అనుకున్నాను. నా ఎదురుగా నాయన ఎన్నడూ తప్పు ఒప్పుకున్న మనిషి కాదు. ఆ మాట కూతురి చేత రాయించి, సముద్రాలు దాటించి నాకు పంపాడు. ఉత్తరం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. మర్నాడు పంపు గీశాను. మాస్టారు పటం తిప్పి తిప్పి చూసి, సంతకం చేసి, నా చెయ్యి పట్టుకుని ఊపారు.

తిరిగొచ్చాక కాగితం పెద్దసారుకు చూపించి, సెలవు పెట్టి ఊరికి పోయాను. చౌడు మడిలో మేకులు కొట్టి తాడు కట్టాను. నాయన పార భుజాన వేసుకుని వచ్చి, "ఎంత వాలు పెట్టల్లప్పా?" అన్నాడు. ఆయన నన్ను ఒక సంగతి అడగడం అదే మొదలు. ఇద్దరమే తవ్వాం. తవ్విన కాలవ వానల్లేక ఎండి పగుళ్ళిచ్చి, రెండేళ్ళు మేకలు దాటడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. మూడో ఏడు మంచి వాన పడి, మడిలోంచి తెల్లటి నీళ్ళు కాలవలోకి దిగాయి. నాయన గట్టున గొంతుక్కూర్చుని, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఉప్పును ఉమ్మేసి, వంక వైపు పారే ఆ నీళ్ళను చూస్తూ "పోనీ" అన్నాడు.

తాత అడిగిన ఆ కాలవ తీయడానికి మా ఇంట్లో ముప్పై ఏళ్ళు పట్టింది. తవ్వడం మాత్రం ఆరు రోజుల పని.