తాతయ్య తట్టి వద్దన్న ఇళ్ళు

మా తాతయ్య గోడ కనిపిస్తే తట్టకుండా ఉండలేడు. నలభై ఏళ్ళు తాపీ పని చేసి మానేశాడు గానీ, ఆయన వేళ్ళు ఇంకా మానలేదు. మధ్యవేలు మడిచి టక్ టక్ మని కొడతాడు. చెవి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ఆ తర్వాత తీర్పు వస్తుంది: గట్టిది, లేదా డొల్ల. ఒకసారి దగ్గు పట్టుకుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ఆయన వీపు మీద వేళ్ళు పెట్టి తట్టాడు. తాతయ్య వెనక్కి తిరిగి చాలా మర్యాదగా, "ఎలా ఉంది బాబూ, డొల్లేనా?" అని అడిగాడు. పోనీ అంతటితో ఊరుకున్నాడా, బయటికొస్తూ ఆ గది గోడ కూడా తట్టి, "నా కంటే ఇదే డొల్ల" అని చెప్పి మరీ వచ్చాడు.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఇల్లు కొనడానికి తిరగడం ఎలా ఉంటుందో మా నాన్నని అడగాలి. మేం అద్దెకున్న ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఆరు ఇళ్ళు చూశాం. ఆరూ తాతయ్యకి డొల్లే. ఆయన వద్దన్న ప్రతి ఇల్లూ పది రోజులు తిరక్కుండా ఇంకెవరో ఎగరేసుకుపోయారు.

"అందరికీ నచ్చే ఇళ్ళు మీకే ఎందుకు నచ్చవు నాన్నా?" అని మా నాన్న జుట్టు పీక్కున్నాడు.

"అందరికీ చెవులు లేవురా."

"మీకున్నాయి కదా, మరి నేను పొద్దుట్నించీ సంచి అందుకోమని అరుస్తుంటే వినపడలేదేం?" అంది నానమ్మ.

ఏడో ఇల్లు ఒక రిటైరైన నర్సమ్మది. పాతది. కానీ స్థలం మాత్రం ఎంతని, వెనక పెరట్లో నిలబడి పిలిస్తే ముందు గేటు దగ్గరికి వినపడదు. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. గేటు దగ్గరే నాన్న తాతయ్యని ఆపి, "ఇవాళ మీ చేతులు జేబుల్లోంచి బయటికి రాకూడదు" అన్నాడు.

తాతయ్య బుద్ధిగా తలూపాడు. హాల్లో గోడని మోచేత్తో తట్టాడు. పడగ్గదిలో భుజంతో తట్టాడు. వెనక గదిలో నాన్న కళ్ళు తనమీదే ఉన్నాయని తల తిరుగుతున్నట్టు నటించి, గోడకి నుదురు ఆనించి, ఆ నుదుటితోనే రెండు కొట్టాడు.

ఇల్లు చూపిస్తున్న బ్రోకరు కంగారుపడ్డాడు. "పెద్దాయనకి ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"ఒంట్లో బాగానే ఉంది నాయనా," అంది నానమ్మ.

పెరట్లోకి వెళ్ళాక చేతులు జేబుల్లో ఉండనన్నాయి. తాతయ్య కుళాయి దగ్గరున్న బకెట్ ఎత్తి, నీళ్ళన్నీ నేల మీద గుమ్మరించాడు. ఆ నీళ్ళు అటూ ఇటూ చూసి, తిన్నగా ఇంటి గోడ కిందికి వచ్చి చేరాయి.

"స్థలం పెద్దదే. కురిసిన వానంతా పునాది కిందికే. ఇది ఇల్లు కాదురా, గరాటు."

నర్సమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. అప్పటికే ఎవరో బిల్డరు ఇల్లు పడగొట్టి కట్టుకుంటానని ఆమె వెంట పడుతున్నాడు, సాయంత్రానికల్లా అతనికి మాట చెప్పాలి. నాన్న మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ," అంది నర్సమ్మ, "వద్దన్న ఇంటికి మర్నాడే తాపీ పట్టుకుని వచ్చే మనిషి మీరేనా?"

నాన్న తలెత్తాడు. తాతయ్య ఆకాశం వైపు చూశాడు.

"మీరు చూసి వద్దన్న నీలం గేటు ఇంటావిడ నా స్నేహితురాలు. రెండ్రోజులు కూర్చుని ఆవిడ వంటింటి గోడ బాగుచేశారట. మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదట."

"పార్కుకి వెళ్తున్నానన్నారు," అన్నాడు నాన్న నీరసంగా. "ఆరు ఇళ్ళకీ వెళ్ళారా?"

"వెళ్ళకపోతే ఎలారా? ఒంటరి ఆడమనిషికి నీ గోడ డొల్ల అని చెప్పి చక్కా వచ్చేశాం. ఆవిడకి నిద్రెలా పడుతుంది?"

"మీరు బాగుచేసి పెట్టారు కాబట్టే అవన్నీ అమ్ముడైపోయాయి నాన్నా!"

ఈ సంగతి తాతయ్యకి అప్పటిదాకా తట్టలేదని ఆయన మొహమే చెప్పింది. నానమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఇల్లు పడగొట్టేవాడికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు," అంది నర్సమ్మ. "మీరు వద్దన్నా రేపు వచ్చి నాకు కాలవ తవ్వి పోతారు కదా. ఆ తవ్వేదేదో మీ ఇంటికే తవ్వుకోరాదూ?"

తాతయ్య ఇంటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "నీళ్ళు మళ్ళిస్తే పునాదికి ఢోకా లేదు," అని గొణిగాడు.

గడువు రోజుకి కాలవా పూర్తయింది, మేమూ దిగాం. ఆ మధ్యాహ్నమే నర్సమ్మ చెల్లెలింటికి వెళ్ళిపోతుంటే, తాతయ్య ఆమె పెట్టె మోసుకుని సాయం వెళ్ళాడు. పది నిమిషాల దూరం. రెండు గంటలైనా రాలేదు. చివరికి ఫోన్ మోగింది. నాన్న తీసి చాలాసేపు విన్నాడు, కళ్ళు మూసుకున్నాడు, ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. తర్వాత స్కూటర్ తాళాలు అందుకుంటూ అడిగాడు:

"సిమెంటు ఒక బస్తా చాలా, రెండు తేనా?"