కల్లుకూ కల్లకూ మధ్య

ఇరవై ఏళ్ళ వయసులో మనిషికి తెలియని సంగతంటూ లోకంలో ఒక్కటీ ఉండదు. తెలియకపోవడమనేది ముప్పై దాటాక మెల్లగా మొదలవుతుంది. ఆ ఇరవైల్లో నేను సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేసే పవర్‌లూమ్‌లో పని చేసేవాణ్ణి. పొద్దున్నే రాజపాళయంలో బస్సెక్కడం, రోజంతా మగ్గాల మోతలో అరుస్తూ మాట్లాడటం, ఇంటికొచ్చాక కూడా అదే గొంతుతో అరవడం (మా అవ్వ "చెవుడు నాకా, నీకా?" అనేది). ఇంట్లో మాది తెలుగు. ఎన్ని తరాల కిందట ఈ తమిళనాడుకు వచ్చామో ఎవరికీ తెలియదు. సగానికి సగం తమిళం కలిసిపోయిన ఆ తెలుగు ఆంధ్రావాళ్ళు వింటే ఇదేం భాష అని అడుగుతారు. వీధిలో తమిళం, చర్చిలో తమిళం. అయినా మా వీధిలో నాకొక పేరుండేది, 'ఆంధ్రాకు పోయి వచ్చినోడు' అని. ఒకసారి పత్తి లారీ వెంట గుంటూరు వెళ్ళి మూడు రోజులున్నాను. ఆ మూడు రోజులూ జ్వరంతో లారీలోనే పడుకుని ఉన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అక్కడ నేను మాట్లాడింది ఒక్క టీకొట్టు ఆయనతో. ఆయన "ఏం కావాలండీ" అన్నాడు, నేను "టీ అండీ" అన్నాను. అంతే నా ఆంధ్రా తెలుగు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం సాయంత్రం మా పాస్టరయ్య పాటల ప్రాక్టీసు మధ్యలో కంగారుగా వచ్చాడు. ఆయన తిరునెల్వేలి పక్కనుంచి వచ్చిన తమిళాయన, తెలుగులో 'దా', 'పో' తప్ప రావు. మరునాడు ఆదివారం పొద్దున, సాయంత్రం రెండు పూటలా ప్రసంగించడానికి కోస్తా ఆంధ్ర నుంచి ఒక పెద్దాయన భార్యతో సహా వచ్చేశాడు. ఆయన చెప్పింది తమిళంలోకి మార్చవలసిన మనిషి మాత్రం మదురైలో విరేచనాలు పట్టుకుని ఆగిపోయాడు. "మనలో ఇంతమంది తెలుగువాళ్ళున్నారు గదా, ఎవరైనా పక్కన నిలబడి మార్చి చెప్తారా?" అని అడిగాడు. స్పిన్నింగ్ మిల్లు గేటు దగ్గర కాపలా ఉండే వాచ్‌మన్ మామ అందరి తరపునా నిజం చెప్పాడు. "మాది ఇంటి తెలుగు అయ్యా. వాండ్లది పుస్తకం తెలుగు. అది వేరే, ఇది వేరే." నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో ఇప్పటికీ చెప్పలేను. పాటల బృందంలో ఆడపిల్లలు నలుగురు అటువైపే కూర్చుని ఉండటం ఒక కారణం కావచ్చు. "నేను చెప్తా అయ్యా. ఆంధ్రా తెలుగు నాకు నీళ్ళు తాగినట్ల" అన్నాను.

ఆదివారం పొద్దున చర్చి నిండిపోయింది. తళవాయిపురం నుంచి, సేత్తూరు నుంచి కూడా బస్సుల్లో, బైకుల మీద జనం వచ్చారు. పెద్దాయన తెల్ల జుబ్బాలో గంభీరంగా నిలబడ్డాడు. ఆయన భార్య ముందు వరసలో, తెల్లచీరలో, అందరినీ చూసి నవ్వుతూ కూర్చుంది. నేను ఇస్త్రీ చొక్కాలో, చేతిలో మైకుతో, గుండె మగ్గంలా కొట్టుకుంటూ ఆయన పక్కన. ఆయన మొదటి మాట అన్నాడు. "మిమ్మల్ని చూస్తుంటే నా హృదయం ఉప్పొంగుతోంది!" నాకు వినిపించినవి రెండు ముక్కలు. ఉప్పు, పొంగల్. పొద్దున పాస్టరమ్మ ఆయనకు పొంగలి పెట్టిన సంగతి నాకు తెలుసు. ఇంకేం, తమిళంలో దంచేశాను. "పొద్దున తిన్న పొంగల్లో ఉప్పు సరిగ్గా కుదిరింది, అయ్యగారి హృదయం చల్లబడింది!" పాస్టరమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన సంతోషంగా నా వైపు చూశాడు. ఇంత సులువా అనుకున్నాను.

తరవాత సులువు పోయింది. 'యథార్థవర్తన' అన్నాడు, 'ఆత్మవంచన' అన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. ఒక్కటీ నాకు తగల్లేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. 'దేవుడు మంచివాడు', 'మనం మంచిగా ఉండాలి' అని ఆ రెండు మాటలనే తిప్పి తిప్పి చెప్తున్నాను. అంతలో ఆయన నోట్లోంచి నాకు తెలిసిన మాట ఒకటి రాలింది. "కల్లలాడే ఇంట్లో శాంతి ఉండదు!" ఆహా! కల్లు! తాగి ఆడటం! ఇదా సంగతి, ప్రసంగం తాగుడు మీద! (మా పక్క కల్లు దొరికి ఎన్నేళ్ళయిందో. తాగేవాళ్ళంతా సర్కారు బ్రాందీ కొట్టుకే పోతారు. కానీ ప్రసంగంలో పాతమాటలు వాడతారు గదా అని సరిపెట్టుకున్నాను.) ఒక్కసారిగా ఒళ్ళంతా వెలుగు వచ్చినట్టయింది. "కల్లు తాగే ఇంట్లో శాంతి ఉండదు!" అని అరిచాను. ఆడవాళ్ళ వైపు నుంచి "ఆమెన్!" అని కేక లేచింది.

ఇక ఆ తరవాత జరిగింది తలుచుకుంటే ఇప్పుడు కూడా అరచేతుల్లో చెమట పడుతుంది. ఎందుకంటే ఆయన చెప్పే ప్రతి మాటా అచ్చంగా అతుక్కుంది. "ఒక్క కల్లాడితే దాని వెనక పది ఆడాల్సి వస్తుంది" అన్నాడు. "ఒక్క ముంత తాగితే దాని వెనక పది ముంతలు" అన్నాను. "చిన్నదే కదా అని పిల్లల ముందు ఆడకండి" అన్నాడు. "కొంచెమే కదా అని పిల్లల ముందు తాగకండి" అన్నాను. "అంగట్లో కల్ల! పనిచేసే చోట కల్ల! ఆఖరికి ప్రార్థనలో కూడా కల్ల!" అని ఆయన బల్ల గుద్దాడు. "అంగట్లో కల్లు! మిల్లులో కల్లు! ఆఖరికి ప్రార్థనకు కూడా తాగి వస్తారు!" అని నేను గాలిని గుద్దాను. చర్చి అంతా హోరెత్తింది. తెలుగు తెలిసినవాళ్ళు కూడా మైకు గోలలో ఆయన వేగం అందక నా తమిళమే వింటున్నారు. వాచ్‌మన్ మామ తల మోకాళ్ళ మధ్యకు వంగిపోయింది. పెద్దాయనకు కూడా ఊపొచ్చింది. గొంతు తగ్గించి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, "నేను కూడా ఒకప్పుడు కల్లలాడినవాణ్ణే. ఎవరితోనో కాదు, మా ఆవిడతోనే ఆడాను" అన్నాడు. నేనూ గొంతు తగ్గించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాను. "నేను కూడా ఒకప్పుడు తాగినవాణ్ణే. ఎవరితోనో కాదు, నా భార్యతో కూర్చుని తాగాను." రెండు వందల తలలు ఒక్కసారిగా ముందు వరసలోని ఆ తల్లి వైపు తిరిగాయి. ఆమె అవునన్నట్టు తలాడించి, చక్కగా నవ్వింది.

ప్రార్థన అయ్యాక పెద్దాయన నన్ను కౌగిలించుకున్నాడు. "ఇంత స్పందన నేనెక్కడా చూడలేదు బాబూ! దేవుడు నిన్ను వాడుకుంటున్నాడు!" (ఈ ముక్క మాత్రం నాకు బాగా అర్థమయింది.) నేను నేల మీద లేను. చర్చి వెనక కొళాయి దగ్గర వాచ్‌మన్ మామ నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. అల్లుడి వరస కాబట్టి నన్నెప్పుడూ 'మాప్ళే' అని పిలిచేవాడు. "మాప్ళే, అయ్యవారు నన్నే చూసి చెప్పినాడు. ఈ పొద్దు గూడా కొంచిం ఏసుకోనే వచ్చినాను. ఆయనకు ఎవురు చెప్పింటారు? దేవుడే చెప్పినాడు. ఇంక తాగను. ఆయన మొగం చూసేకి నాకు సిగ్గుగా ఉండాది, నువ్వే చెప్పు." నా వల్ల ఒక మనిషి మారాడు! పవర్‌లూమ్ మానేసి ఊరూరా తిరిగి ఇదే పని చేద్దామా అనుకున్నాను. భోజనాల పందిట్లో మాత్రం పాస్టరమ్మ నన్ను పక్కకు పిలిచి గుసగుసగా అడిగింది. "ఆ అమ్మకు మజ్జిగ పోయొచ్చా? కొంచెం పులిసింది. పాత అలవాటు గుర్తుకొస్తే పాపం గదా?" చుట్టూ చూశాను. ఆ తల్లి విస్తరికి అటూ ఇటూ రెండేసి చోట్లు ఖాళీగా ఉన్నాయి. ఆడవాళ్ళెవరూ ఆమె పక్కన కూర్చోలేదు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది, కానీ ఆ నవ్వు ఎవరి మీద పెట్టాలో తెలియక ఆకులోకి చూస్తోంది.

ఇంటికి వెళ్ళేసరికి మా చెల్లెలు సెల్లులో నా ప్రసంగం పెట్టి అవ్వకు వినిపిస్తోంది. అవ్వ చర్చిలో వెనక ఫ్యాను కింద కూర్చోవడం వల్ల ఏమీ వినలేదు. ఇప్పుడు సెల్లు చెవికి ఆనించుకుని, నోట్లో ఆకువక్క ఆపి, కళ్ళు మూసుకుని వింటోంది. ఉన్నట్టుండి భుజాలు కదలడం మొదలయ్యాయి. నేను అవ్వ ఏడుస్తోందేమో, వాక్యం తాకిందేమో అనుకున్నాను. నవ్వుతోంది. ఆకువక్క నమలడం కూడా చేతకానంతగా నవ్వుతోంది.

"ఒరే, ఆయప్ప చెప్పింది కల్లు కాదురా! కల్ల! కల్లంటే పొయ్ చెప్పేది, అబద్దం! మా అమ్మ నన్ను కొట్టేటప్పుడంతా ఒక్కో దెబ్బకు ఒక్కోసారి 'కల్లలాడతావా, కల్లలాడతావా' అనేది. ఆ మాట నేను మర్చిపోతానా?"

అంటే పెద్దాయన పొద్దుటి నుంచీ చెప్పింది అబద్ధాల గురించి. ఆయన పక్కన నిలబడి, ఒక్కో అబద్ధానికి ఒక్కో అబద్ధం చొప్పున నేను చెప్పుకుంటూ పోయాను. ముందు వరసలో ఆ తల్లి కళ్ళ ముందు మెదిలింది. కానీ వెంటనే ఒక తెలివి కూడా పుట్టింది. "అవ్వా, ఎవురికీ చెప్పొద్దు. వాచ్‌మన్ మామ తాగేది నిలిపేసినాడు. ఇప్పుడు నిజం తెలిస్తే మళ్ళా తాగుతాడు. మంచే గదా జరిగింది?" అవ్వ నవ్వు ఆపింది. "ఒక ఆడమనిషిని ఊరి ముందర తాగుబోతును చేసి కూసోబెడితివి. ఆమె రేపు రైలెక్కి పోతాది, ఆ పేరు మాత్రం ఈ ఊళ్ళోనే ఉంటాది. వాడిని నిలబెట్టేకి దేవుడికి నీ కల్ల ఊతకట్టె కావాల్నా? పోరా, పోయి చెప్పు."

సాయంత్రం ఆరింటికి మళ్ళీ చర్చి నిండింది. పొద్దుటికంటే ఎక్కువమంది వచ్చారు. ప్రసంగం సంగతి వాట్సాప్‌లో పాకిపోయింది. పెద్దాయన ఉత్సాహంగా లేచి, "పొద్దున చెప్పిన మాట గుర్తుందా?" అన్నాడు. నేను మైకు పట్టుకున్నాను. రెండుసార్లు దగ్గాను. తరవాత తమిళంలో గబగబా, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. నాకు ఆంధ్రా తెలుగు రాదు. గుంటూరులో మూడు రోజులూ జ్వరంతో పడుకున్నాను. అయ్యగారు పొద్దున కల్లు అనే మాటే ఎత్తలేదు. ఆయన చెప్పింది అబద్ధాలాడవద్దని. ఆయన ఎప్పుడూ తాగలేదు. ఆ అమ్మ అసలు తాగలేదు. పొంగల్ గురించి కూడా ఆయన ఏమీ అనలేదు.

పాస్టరయ్య లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. పెద్దాయన అయోమయంగా "నేనన్నది ఒక్క మాట, నువ్వింత సేపు ఏం చెప్పావు బాబూ?" అని అడిగాడు. ఇక ఆయనకూ చెప్పక తప్పలేదు, అదీ నా తెలుగులో. "అయ్యగారూ, మీ తెలుగు నాకు తెలీదు. మీరు కల్లంటే నేను కల్లనుకోనినాను. మీరూ అమ్మా కూసోని తాగినారని చెప్పేసినాను." ఆయనకు అర్థం కాలేదు. ఆమెకు అయింది. ముందు వరసలోంచి సన్నగా ఒక నవ్వు మొదలైంది. ఆమె ఆపుకోలేక, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమండీ! మనిద్దరం కూర్చుని కల్లు తాగామటండీ! అందుకేనా మధ్యాహ్నం నా పక్కన ఎవరూ కూర్చోలేదు!" అంది. ఆ నవ్వు చూసి మొదట పాస్టరమ్మ, తరవాత ఆడవాళ్ళందరూ, చివరికి మగవాళ్ళు. ఒకావిడ లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. పాస్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఏదో తమిళంలో చెప్పింది. ఆమె తెలుగులో ఏదో అంది. వాళ్ళకు మార్చి చెప్పేవాడు అక్కర్లేకపోయింది.

నేను మాత్రం వాచ్‌మన్ మామనే చూస్తున్నాను. ఆయన నవ్వలేదు. మెల్లగా లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. సర్కారు కొట్టు అక్కడికి రెండు వీధులే. ఆయన అక్కడే నిలబడి, తెలుగులోనే, అందరికీ వినపడేట్టు అన్నాడు. "అయ్యవారు నా తాగుడును చెప్పలేదు. సరి. అబద్దాలను చెప్పినారు. మూడేండ్లుగా రోజూ ఇంటికి పోయి నా పెండ్లాం తలమీద చెయ్యి పెట్టి 'తాగలే' అని చెప్తాండాను. అదేమి మరి? పొద్దున చెప్పిందీ నన్నే, ఇప్పుడు చెప్పేదీ నన్నే. ఏ పక్క తిరిగినా నాకే తగల్తాది మాప్ళే!" చర్చి మళ్ళీ నవ్వింది, కానీ ఆయన భార్య నవ్వలేదు. ఆమె ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రపు ప్రసంగం మాత్రం ఆగలేదు. అవ్వను తెచ్చి పెద్దాయన పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన తెలుగును అవ్వ మా తెలుగు చేసింది, మా తెలుగును నేను తమిళం చేశాను. పావుగంట ప్రసంగానికి గంట పట్టింది. ఒక్కరూ కదల్లేదు.

వాచ్‌మన్ మామ ఆ రోజుతో తాగుడు మానేశాడని చెప్పాలని నాకూ ఉంది. మానలేదు. ఆ నెలలోనే రెండుసార్లు తాగాడు. కానీ రెండుసార్లూ గుమ్మం బయటే ఆగి, "ఈ పొద్దు తాగినాను" అని భార్యకు తానే చెప్పాడట. ఆయన మాట నమ్మింది అప్పుడేనని ఆమె మా అవ్వతో చెప్పింది. పూర్తిగా మానడానికి ఇంకో ఏడాది పట్టింది.

అవ్వ పోయింది. ఆమె పోకముందే పట్టుబట్టి నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఎప్పుడైనా ఆంధ్ర నుంచి ఎవరైనా వస్తే పక్కన నిలబడి మార్చి చెప్తాను కూడా. తెలియని మాట వస్తే ఆగిపోతాను. "అయ్యా, ఇది నాకు తెలీలేదు" అని మైకులోనే అడుగుతాను. జనం విసుక్కుంటారు, వెనక బెంచీల్లో ఆవులిస్తారు, పిల్లలు బయటికి పారిపోతారు. అప్పుడు ఆ ఇరవై ఏళ్ళవాడు గుర్తొస్తాడు. ఆ పొద్దున వాడు ఒక్క చోట కూడా ఆగలేదు. అంత ధారగా, అంత ధైర్యంగా నేను ఇంకెప్పటికీ చెప్పలేను.