మంచు ఆరేలోపు

మా సోషల్ టీచరమ్మ పోయిన సోమవారం కన్నుమూశారు. నాన్న హాస్టల్‌కి ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మాయ్, మీ టీచరమ్మ పోయిందంట. నాలుగు రోజుల్నుంచీ ఒకటే ఆయాసమంట. నువ్వొస్తావా?" వస్తానన్నాను. గుంటూరులో బస్సెక్కి కూర్చున్నాక కూడా ఏడుపు రాలేదు. చాలా దూరం నడిచొచ్చినదానిలా ఒళ్లంతా బరువుగా మాత్రం ఉంది.

పత్తి తీతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఎండ బాగా కాస్తోంది. అయినా పని ఆపుకుని కూలీల ముఠాలు సమాధుల తోటకి వచ్చాయి. పత్తి వేసుకునే ఒడిగుడ్డలు నడుముకి అలాగే ఉన్నాయి. చేలోంచి నేరుగా వచ్చేశారు. ఆవిడ ఎవరో తెలియని మీకు నాలుగు మాటలు చెప్పాలని అప్పుడే అనిపించింది.

ఆవిడ ఎప్పుడూ అలసిపోయే కనిపించేవారు. బడి గంట కొట్టేలోపే కూలీల కాలనీలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని లేపి, జడలు వేయించి, కొందరిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవారు. పాఠం చెప్పేటప్పుడు గోడకి ఆనుకునేవారే గాని కుర్చీ వాడేవారు కాదు. "కూర్చుంటే లేవలేనమ్మా, అందుకే కూర్చోను" అనేవారు. సుద్దముక్క కొంగున ముడేసుకునే అలవాటు. ఇంటికెళ్లే వేళకి ఆ ముడి దగ్గర చీరకి తెల్లగా సుద్దపొడి అంటుకుని ఉండేది.

చలికాలం రాగానే ఆవిడకి విహారయాత్ర బెంగ పట్టుకునేది. నా చేతికో నోటుబుక్కు ఇచ్చి, రోజూ సాయంత్రం రేడియోలో వాతావరణం విని రాసుకురమ్మనేవారు. అల్పపీడనం, వాయుగుండం, ఒకటి రెండు చోట్ల, చెదురుమదురుగా. ఆ చివరి మాట నాకెంత నచ్చిందంటే ఆఖరి పేజీ నిండా అదే రాశాను. టీచరమ్మ చూశారు. "మాట బాగుందా? బాగుంటే దాచుకో. ముందు వానెప్పుడో చెప్పు" అన్నారు.

అందరూ యాత్రకి ఎండ కాసే రోజు చూసుకుంటారు. ఆవిడ మాత్రం వాన కురిసిన మర్నాడు చూసేవారు. ప్రత్తిపాడులో ఒకాయన మినీ బస్సు వానరోజుల్లో ఊరికే పడుండేది కాబట్టి కబురు పెడితే వచ్చేది. అలా ఒక ఏడు అమరావతి వెళ్లాం, ఇంకో ఏడు ఉండవల్లి గుహలకి వెళ్లాం. రెండుచోట్లా బురదే. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. పులిహోర పొట్లాల్లోకి నీళ్లు దిగాయి. సముద్రం చూడాలని మాకందరికీ ఉండేది. వాయుగుండం వెళ్లిన మర్నాడు పిల్లల్ని సముద్రానికి ఎవరు తీసుకెళతారు?

ఎనిమిదిలో ఉండగా ఉండబట్టలేక అడిగేశాను. "ఏంది టీచర్, మనకెప్పుడూ ఈ బురదేనా?"

ఆవిడ నన్ను కసురుకోలేదు. హాజరుపట్టీ తీసి నా ముందు పెట్టారు. సువార్త పేరు చూడమన్నారు. సువార్త నా పక్కన కూర్చునే పిల్ల. వాళ్లమ్మతో పాటు పత్తి తీతకి వెళ్లేది. ఆ నెలంతా దాని పేరు ముందు ఆబ్సెంటే. వాన పడిన మూడు రోజులు మాత్రం వచ్చింది.

"తడి పత్తి తియ్యరు గదమ్మా. ఎండ కాసిన రోజు వీళ్లది కాదు" అన్నారు. ఆ తర్వాత నేను బురద గురించి మాట్లాడలేదు.

పదో తరగతి ఏడు వానే లేదు. రోజూ నా నోటుబుక్కులో ఒకటే మాట, పొడి వాతావరణం. డిసెంబరు సగమైంది. పరీక్షలయ్యాక సువార్త, ఇంకో ఆరుగురు ఆడపిల్లలు బడి మానేస్తారని అందరికీ తెలుసు. వాళ్లకిదే ఆఖరి యాత్ర. ఆ ఏడుగురూ అప్పుడు మా చేలోనే పత్తి తీస్తున్నారు.

ఒక సాయంత్రం టీచరమ్మ మా ఇంటికొచ్చారు. ఒక్కరోజు ఆ పిల్లల్ని వదలమని నాన్నని అడిగారు.

"పత్తి పగిలి కారిపోతందండీ. ఒక్కరోజాపితే మేస్త్రి ముఠాని ఇంకొకరి చేలోకి తోలుకుపోతాడు. అప్పుడు నేనెవర్ని పట్టుకోవాల?" అన్నాడు నాన్న.

"మంచు ఆరిందాకా చేలోకి దిగరుగా?"

"దిగరు. తొమ్మిదిన్నర అవుద్ది."

"అయితే తొమ్మిదిన్నరకి మీ గట్టుమీద ఉంటారు."

నాన్న నవ్వాడు. "ఈలోపు ఏడికి తీసుకెళ్తారండీ, చెరువుగట్టుకా?"

"సముద్రానికి."

పగటి కిరాయిల వేళకి తిరిగొస్తామని టీచరమ్మ ఒప్పించిన అదే మినీ బస్సులో, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. దట్టంగా పొగమంచు. టీచరమ్మ డ్రైవర్ పక్కన కూర్చుని కొంగుతో అద్దం తుడుస్తూనే ఉన్నారు. "రోడ్డే కనపడట్లా, ఇంక సముద్రం ఏం కనపడుద్ది టీచరమ్మా!" అని డ్రైవర్ సణిగాడు. "నువ్వు రోడ్డు చూడు నాయనా, సముద్రం సంగతి మేం చూసుకుంటాం" అన్నారు.

సూర్యలంక చేరేసరికి తెల్లారింది గాని సముద్రం లేదు. ఎదురుగా తెల్లటి గోడలా మంచు. దాని వెనక ఎక్కడో హోరు. ఇసకలో చెట్టాపట్టాలేసుకుని ఆ హోరు వైపు నడిచాం.

"ఏదే సముద్రం? ఏదీ?" అంటోంది సువార్త. అంతలో నీళ్లొచ్చి దాని పాదాలమీద పడ్డాయి. "అమ్మో, పట్టుకుందే!" అని అరిచి నామీద పడింది. ఇద్దరం తడిసిపోయాం. ఆ గంటలో మేము చూసింది మా పాదాల దగ్గరి నురగ మాత్రమే.

టీచరమ్మ గడియారం చూసుకుని రమ్మన్నారు.

"కనపడనే లేదు గదండీ!" అంది సువార్త.

"విన్నావుగా. చాలా మందికి అదీ లేదు. పద."

తిరుగు దారిలో మంచు ఇంకా చిక్కబడింది. బస్సు నడకలా కదిలింది. పొన్నూరు దాటాక గాని దారి కనపడలేదు. మా చేను దగ్గర దిగేసరికి పదిన్నర. ఇక్కడ ఎండొచ్చి, చెట్లమీది మంచు ఎప్పుడో ఆరిపోయింది. మిగతా ఆడవాళ్లు సగం సాలు దాటేశారు.

మేస్త్రి గట్టుమీదే ఉన్నాడు. "ఇప్పుడా వచ్చేది! ఇయ్యాల పని లేదు, పోండి. రేపట్నుంచి కూడా రామాకండి. వేరేవాళ్లని చూసుకున్నా" అని కేకలేశాడు. ఏడుగురూ బిక్కచచ్చిపోయారు. సాల్లోంచి సువార్త వాళ్లమ్మ "చెప్పానా, చెప్పానా నీకు" అంటోంది.

"ఆలస్యం నాది మేస్త్రీ. వాళ్లకి తరుగుపడిన పత్తి నేను తీస్తా" అన్నారు టీచరమ్మ. చెప్పులు గట్టుమీద విడిచి, కొంగు ఒడిలా నడుముకి బిగించి సాల్లోకి దిగారు.

ఆవిడ ఆ కాలనీలో పుట్టిన మనిషేనని, చిన్నప్పుడు ఇదే పని చేశారని ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఆ చేతుల్ని నేను చూడటం అదే మొదలు. రెండు చేతులూ రెండు కాయలమీద ఒకేసారి పడుతున్నాయి. ఎండిన కాయల ముల్లు వేళ్లకి తగలట్లేదు.

"మీరేందండీ టీచరమ్మా, పైకి రండి, బాగుండదు" అని నాన్న కంగారుపడ్డాడు. ఆవిడ తిరిగి చూడలేదు. నాన్న మేస్త్రితో "ఉండనీవయ్యా, దిగనీ పిల్లల్ని" అన్నాడు. ఏడుగురూ దిగారు.

నేను దిగలేదు. దిగాలని తోచలేదో, సిగ్గుపడ్డానో ఇప్పటికీ తెలియదు. తడి పావడాతో గట్టుమీదే నిలబడ్డాను.

కాసేపటికి సువార్త వాళ్లమ్మ కోపం తగ్గి, "ఇంతకీ ఎట్టా ఉందే సముద్రం?" అని అడిగింది. సువార్త నడుం ఎత్తింది. పత్తి నిండిన గుప్పిళ్లు గాల్లోకి చాపి, "ఇట్టా వచ్చి, ఇట్టా లాగిందే అమ్మా" అని చూపించడం మొదలుపెట్టింది. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లందరూ నడుములెత్తి దానివైపు తిరిగారు. టీచరమ్మ ఒక్కరే వంచిన నడుం ఎత్తలేదు. కుడిచేత్తో తన సాలు, ఎడంచేత్తో సువార్త సాలు తీస్తూ, ఆ పిల్ల చెప్పడం అయ్యేదాకా అలాగే ముందుకు పోతున్నారు.