పడుగు కింద నుంచి

మా మేనత్త పోయిందని వనపర్తి నుంచి మామ ఫోన్ చేశాడు. "నిద్రల్నే పోయిందిరా" అన్నాడు, అంతే. నేను మగ్గం మీద ఉన్నాను. ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. వస్తానన్న మనిషి ఇట్లా పోతుందా?

అత్త డ్యాన్స్ చేసేది, అంగన్‌వాడీ పిల్లల కోసం. గజ్జెలుండవు, పాటుండదు, కథా ఉండదు. పిల్లలను నేల మీద కూర్చోబెట్టి, వాళ్ల మధ్య రంగు నూలు పోగులు కట్టి, వాటిని దాటేది, పొర్లేది, ఊపిరి బిగబట్టి నిలబడేది. "గిదేం డ్యాన్సే? ఇల్లు తుడుస్తున్నట్టుంది" అని మా నాయన ఎగతాళి చేసేవాడు. "నీకు కాదులే అన్నా, నీ వయసు దాటిపోయింది" అని అత్త నవ్వేది.

బిజినేపల్లిలో, నాగర్‌కర్నూల్లో పిల్లలు మధ్యలోనే లేచొచ్చి ఆమె కాళ్లు పట్టుకునేవారట, పోగులన్నీ చిక్కు చేసేవారట. ఎవరైనా కసిరితే, "ఉండనియ్యండి, అసలు డ్యాన్స్ గిప్పుడే మొదలైంది" అనేదట.

పోయిన వేసవిలో గద్వాలలో, తాను పుట్టిన మా వీధిలో ఆడతానని పట్టుబట్టింది. మా ముందుగదిలో పోగులు కట్టింది. నేతగాళ్ల పిల్లలంతా వచ్చారు. అత్త చేతులు చాచి ఎంత పిలిచినా ఒక్కరూ కదల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని గోడకు అతుక్కుపోయారు. నా బిడ్డ బిక్కమొహం వేసి, "పడుగు దాటొద్దు, తాత కొడ్తడు" అంది.

చీరకు నిలువు దారాలు పడుగు. దాన్ని వీధిలో సాగదీసి గంజి పెడతాం. తొక్కొద్దు, దాటొద్దు, ముట్టొద్దు అని మా ఇళ్లలో నడక రాకముందే నేర్పుతాం. అత్తకూ నేర్పారు. ఊళ్లు తిరిగి తిరిగి మరిచిపోయింది, పాపం. ఆమె ముఖం చూడలేకపోయాను. నాయన నవ్వబోతే నేనే కసిరాను.

పోగులు చుట్టుకుంటూ, "నాదే తెలివి తక్కువ. దాటొద్దుగని, కిందికెల్లి పోవచ్చు గద! జర పైకి కట్టాల్సింది" అంది. ఒక్క పోగు గుమ్మానికి అడ్డంగా పట్టుకోమని నాకిచ్చి, తల తగలకుండా దాని కింద పాకి చూపించింది. నా బిడ్డ నా వెనక నుంచి తొంగిచూసింది గానీ, రాలేదు.

"దసరాకొస్త. గీ పిల్లలు ఆడకుంటే నా ఆటెందుకురా?" అంది వెళ్తూ.

దసరాకు నడుం నొప్పన్నది. తర్వాత దవాఖాన. ఫోన్లో ఎప్పుడూ అదే పరేషాన్: "పిల్లలు ఆగరురా, పెద్దగైపోతరు." వాళ్లేం పెద్దవాళ్లు కాలేదు. ఆమే ఆగలేదు. ఆ ఆట మా వీధి చూడనేలేదని ఇప్పటికీ కడుపు మండుతుంది.

దశదినకర్మ అయ్యాక నాయన మళ్లీ వీధిలో పడుగు సాగదీశాడు. నా బిడ్డ పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడింది. ఉన్నట్టుండి నేల మీద పడుకుని, మోచేతుల మీద పాకుతూ పడుగు కిందికి దూరింది. నాయన అరవబోయి నోరు తెరిచాడు. గంజి కుంచె కింద పెట్టాడు. రెండు చేతులూ కిందికి పోనిచ్చి, పడుగును కాస్త పైకెత్తి పట్టుకున్నాడు.