దూదికి సగం క్షవరం

తాయారుకి తెలిసిన జంతువు గేదె ఒక్కటే. స్టీలు ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేసి పెదగంట్యాడ దగ్గర నిర్వాసితుల కాలనీకి వచ్చిన రోజున కూడా, సామాన్లకన్నా ముందు గేదెను తోలుకొచ్చి కట్టేసింది. భూమి పోయినందుకు మొగుడు సూరన్నకి ప్లాంటులో ఉద్యోగం ఇచ్చారు. తాయారు మాత్రం పేడ తీసుకుంటూ, నాలుగిళ్ళకి పాలు పోసుకుంటూ, ఊళ్ళో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉండిపోయింది. పిల్లలు కలగలేదు.

కుక్కను తెచ్చింది సూరన్న. తొంభై ఆరులో ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ ఇచ్చేశాడు. గుప్పెడంత తెల్లటి బొచ్చుపిల్ల.

"ఏటిది, కుక్కా దిండా?" అంది తాయారు.

దానికి దూది అని పేరు పెట్టాడు సూరన్న. పొద్దుట డ్యూటీ ఉన్న రోజుల్లో రెండింటికి షిఫ్టు బస్సు దిగేవాడు. దూది రోడ్డు మీద కరెంటు స్తంభం దగ్గర ఎదురు చూసేది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం కూడా తినకుండా అరుగు మీద కూర్చుని దాన్ని ఇనప పళ్ళ దువ్వెనతో దువ్వేవాడు. వేసవి వస్తే రెండు పూటలా దువ్వేవాడు. ఊడిన బొచ్చు గాలికి లేచి కూరల్లో పడేది.

"ఒక్కసారి కత్తిరించీరాదా, పీడా పోతాది" అని విసుక్కునేది తాయారు.

"దీనికి కత్తెర ఎట్టకూడదని ఆ ఆఫీసరమ్మగారు మరీ మరీ సెప్పినారే. లోపలి బొచ్చు దువ్వి తీసీత్తే గాలాడతాది, పై బొచ్చు ఎండనాపుతాది. నీకు గొడుగున్నట్టు దానికిదీ."

తాయారు విననట్టే లోపలికి పోయేది.

రెండువేల రెండు ఫిబ్రవరిలో సూరన్న నిద్రలోనే పోయాడు. పదో రోజున ఆయన బట్టలన్నీ ఇచ్చేశారు. ఒక్క పాత బనీను మాత్రం మిగిలింది. దాని మీద దూది పడుకుంటే ఎవరూ లేపలేకపోయారు.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో తాయారుకే తెలీదు. లేచేది, పాలు పితికేది, పోసేది, పడుకునేది. దూది మాత్రం రోజూ రెండింటికి స్తంభం దగ్గరకి పోయి, బస్సు ఖాళీ అయ్యేదాకా చూసి తిరిగొచ్చేది. దాన్ని దువ్వేవాళ్ళు లేరు. దువ్వెన కిటికీ చువ్వల మధ్య ఆయన పెట్టిన చోటే ఉంది, పళ్ళల్లో నాలుగు తెల్ల వెంట్రుకలతో సహా. దాన్ని ముట్టుకోవాలంటే తాయారుకి చెయ్యి ముందుకి వచ్చేది కాదు. బొచ్చంతా ముద్దలు కట్టి, కడుపు కింద జడల్లా వేలాడసాగింది.

మే నెలలో ఎండలు మండిపోయాయి. దూది నీళ్ళ గోలెం పక్కన తడి నేల మీద పడి, నాలుక చాపి రొప్పుతూ ఉండేది. అన్నం ముట్టడం తగ్గించేసింది. ఇది కూడా పోతుందేమో అని తాయారుకి లోపల్లోపల భయం పట్టుకుంది.

మంగలి అప్పలసూరి ఏటా రోహిణి కార్తె ముందు వచ్చి గేదెకి ఒళ్ళంతా గొరిగి, ఆముదం రాసి పోతాడు. ఆ ఏడూ వచ్చాడు. గేదె పని అయ్యేసరికి ఒంటిగంట దాటింది. గోడ అవతల నుంచి పక్కింటి గంగాలమ్మ తొంగి చూసింది.

"ఓలమ్మ, ఆ కుక్క నాలిక సూడొదినా, జానెడు బయటికొచ్చీసినాది. పన్లో పని, దానికీ గొరిగించీయరాదా?"

"నానూ అదే అందామనుకుంతన్నాను. గేదె తోలైతే ఏటి, కుక్క తోలైతే ఏటి. గొరిగితే సల్లబడతాది" అన్నాడు అప్పలసూరి.

"ఆయన కత్తెర ఎట్టొద్దనీవోడు" అంది తాయారు.

"ఆయన దువ్వీవోడు కాబట్టి అనీవోడు. ఇప్పుడెవులు దువ్వుతారు? నువ్వు దువ్వుతావేటమ్మా?"

తాయారు కిటికీ వైపు చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది. గొరిగించేస్తే ఇక ఆ దువ్వెన వంక చూడక్కర్లేదు.

"నీ ఇట్టం బావూ. బేగి కానిచ్చీ" అంది.

అప్పలసూరి కుడివైపంతా తీసేశాడు. లోపల ఒళ్ళు గులాబీ రంగులో, పసిపిల్ల చర్మంలా ఉంది. దానికి గేదెకి రాసినట్టే ఆముదం పట్టించాడు.

"ఇటుపక్క పందిపిల్ల, అటుపక్క దిండు!" అని గంగాలమ్మ నవ్వింది.

రెండో వైపు తిప్పబోతుంటే దూది చెవులు నిక్కించింది. బస్సు వేళ. చేతుల్లోంచి జారి గేటు కింద నుంచి దూరి పోయింది.

"రేపొచ్చి మిగతాది తీసీత్తాను" అని అప్పలసూరి కత్తి తుడుచుకున్నాడు. అరగంటలో అదే వస్తుందిలే అని తాయారు చాప మీద ఒరిగింది. ఎన్నాళ్ళ అలుపో, ఒళ్ళు తెలియని నిద్ర పట్టేసింది.

లేచేసరికి నాలుగు. దూది గుమ్మంలో నిలబడి ఉంది. కుడిపక్క ఉడికిన రొయ్యలా ఎర్రగా కందిపోయి, వీపు మీద పొక్కులు లేచాయి. పడుకోబోయి, మూలిగి మళ్ళీ నిలబడింది.

"బస్సు దారిలో ఆగిపోనాదంటొదినా, మూడున్నరకి గానీ రానేదు" అంది గంగాలమ్మ, మొహం పాలిపోయి. "నీడకి రమ్మని ఎంత పిలిసినా నా మొహం సూడనేదు."

తాయారు దాని వీపు తాకబోతే వేలికి ఆముదం అంటుకుంది. గొరిగిన గేదె ఎండలో నిలబడదు, తిన్నగా చెరువులోకి దిగి మెడ దాకా మునిగి కూర్చుంటుంది. బురద పూసుకుంటుంది. ఈ కుక్కకి చెరువేదీ, బురదేదీ? పైగా ఒంటికి నూనె. పుట్టినప్పట్నుంచి గేదెల మధ్య బతికి కూడా తనకి ఆ మాత్రం తట్టలేదు. ఆయన ఆరేళ్ళు చెప్పినా చెవికెక్కలేదు.

తడిగుడ్డ కప్పింది. కలబంద గుజ్జు రాసింది. దూది నీళ్ళు ముట్టలేదు.

పొద్దున్నే అప్పలసూరి వచ్చాడు. దాని ఒళ్ళు చూసి నాలుక కరుచుకున్నాడు కానీ, కత్తి బయటికి తీశాడు.

"సగం గొరిగి ఒగ్గీకూడదమ్మా, ఇంటికి మంచిది కాదు. నా సేతికీ దోసం. ఆ పక్క కూడా తీసీనీ."

"ఈ ఇంటికి ఇంకేటి అవ్వాల బావూ? ఆ దోసమేదో నా మీదే ఉండనీ. కత్తి లోపలెట్టీ."

అతను వెళ్ళాక తాయారు కిటికీ దగ్గరకి వెళ్ళి దువ్వెన అందుకుంది. పళ్ళల్లో వెంట్రుకలు తియ్యడానికి మనసొప్పలేదు. అలాగే ఎడమవైపు ముద్దల్ని వేళ్ళతో విడదీస్తూ దువ్వడం మొదలుపెట్టింది. నాలుగు దువ్వులకి ఏవి పాత వెంట్రుకలో ఏవి కొత్తవో తెలియలేదు. భుజం లాగేసింది. ఆపి, మళ్ళీ దువ్వింది. సాయంత్రానికి దూది రెండు గుక్కల గంజి తాగింది.

ఆరో రోజున, రెండు కావస్తుంటే దూది లేచి గేటు వైపు నడిచింది. తాయారు తాడు వేసి కట్టింది. అది లాగలేదు, అరవలేదు. గేటు కేసి చూస్తూ కూర్చుంది. ఆ చూపు తాయారు ఎక్కువసేపు భరించలేకపోయింది.

తాడు విప్పి, సూరన్న బనీను తెచ్చి, దూది ముందుకాళ్ళు బనీను చేతుల్లోంచి దూర్చి, వదులుగా ఉన్నచోట పిన్నీసు పెట్టింది. గొడుగు తీసుకుని తనూ బయల్దేరింది.

"ఏటొదినా, అన్నియ్య బనీను తొడిగీసినావు! డ్యూటీకి పంపుతన్నావేటి?" అంది గంగాలమ్మ.

"పదిమందీ సూసినాక నవ్వుదూలే" అంది తాయారు, ఆగకుండానే.

స్తంభం దగ్గర గొడుగు కుక్క మీదకి వంచి పట్టుకుంది. తన నెత్తి మీద ఎండ పడుతూనే ఉంది. బస్సు వచ్చింది. ఒక్కొక్కరే దిగారు. కొందరు తాయారుని చూసి తలొంచుకున్నారు. బస్సు వెళ్ళిపోయింది. దూది ఖాళీ రోడ్డు వంక కాసేపు చూసి, తలెత్తి తాయారు మొహంలోకి చూసింది.

"పద" అంది తాయారు. "ఎడంపక్క ఇంకా సిక్కులు మిగిలిపోనాయి."

ఇద్దరూ ఆ గొడుగు కిందే మెల్లగా ఇంటి దారి పట్టారు.