అరవై నాలుగు సంచుల పొలం

భూసార పరీక్ష కేంద్రంలో ఆమెను అందరూ మట్టక్క అనేవారు. ఉద్యోగం పేరు సహాయకురాలు. పని మాత్రం రైతులు తెచ్చిన మట్టిని నీడన ఆరబెట్టడం, చెక్క సుత్తితో గడ్డలు చిదపడం, జల్లెడ పట్టడం, సీసాలు కడగడం. ఇరవై ఏళ్లుగా అదే. వేళ్ల మధ్య నలిపి ఇందులో బంక ఎంతో, ఇసుక ఎంతో ఆమె చెబితే, తర్వాత పరీక్షలోనూ ఇంచుమించు అదే తేలేది.

ఒకరోజు ఒక రైతు పరీక్ష కాగితాన్ని తెచ్చి అధికారి బల్ల మీద పెట్టాడు.

"మీ లెక్కన నా నేలకు ఏ రోగమూ లేదు. మరి పైరు మచ్చలు మచ్చలుగా ఎందుకు మాడిపోతోందండీ?"

"ఇంకో సంచి మట్టి తీసుకురా, చూద్దాం," అన్నాడు అధికారి తలెత్తకుండా.

పదిచోట్ల తీసిన మట్టిని ఒకే సంచిలో కలిపేస్తే మంచీ చెడూ కలిసిపోయి సగటే తేలుతుంది. ఈ సంగతి మట్టక్క మనసులో ఎప్పటినుంచో ముల్లులా ఉంది. ఆమె గుమ్మం దాకా వెళ్లి రైతును ఆపింది.

"అన్నా, ఆదివారం పొలంలో ఉంటావా? నేనొస్తాను."

ఆమె భర్త దర్జీ. విషయం విని, కత్తిరింపు ముక్కలు ముందేసుకుని అరవై నాలుగు చిన్న సంచులు కుట్టాడు.

"మనింటి కిటికీ పరదాకు రెండేళ్లుగా మోక్షం లేదు. మట్టికి మాత్రం ఒక్కపూటలో కొత్త బట్టలా!" అంది ఆమె.

"మట్టి అయితే బిగుతైందని తిరిగి తేదు కదా," అన్నాడతను.

ఆదివారం ఆమె పొలాన్ని తాడుతో, మేకులతో అరవై నాలుగు గళ్లుగా విడగొట్టింది. ప్రతి గడి నడుమ జానెడు లోతు తవ్వి, ఒక్కో సంచిలో మట్టి నింపి, గడి నంబరు రాసిన చీటీ వేసి కట్టింది. పొద్దు వాలేసరికి నడుం కొయ్యబారింది.

"ఒక్క పొలానికి ఇన్నా? మనకు వేరే పని లేదనుకున్నావా?" అన్నాడు అధికారి మర్నాడు.

"ఆఫీసు పని వదలనండి. సాయంత్రాలు చేసుకుంటాను."

అతను ఆ సాయంత్రం వెళ్లేటప్పుడు గది తాళంచెవి ఆమె బల్ల మీద పెట్టి వెళ్లాడు.

తొమ్మిది సాయంత్రాలు పట్టింది. గళ్ల కాగితం మీద మంచి నేలకు ఆకుపచ్చ, చౌడుకు ఎరుపు వేసింది. ఎర్ర గళ్లన్నీ కలిసి వంపు తిరిగిన పట్టీలా సాగి పొలం గట్టు దగ్గర ఆగాయి. గట్టు అవతలిది ఆ రైతు తమ్ముడి పొలం. ఇద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు.

"చూశావా! వాడి బోరులోని ఉప్పునీళ్లే ఇటు దిగుతున్నాయి," అన్నాడు అన్న.

"పటం సగమే అయింది. సగం చూసి మనిషిని తిట్టకు," అని ఆమె నేరుగా తమ్ముడి దగ్గరకు వెళ్లింది.

"ఆయన పంపాడా?"

"నన్నెవరూ పంపలేదు తమ్ముడూ. మట్టి కోసం వచ్చాను."

అతను ఆమె చేతిలోంచి పార తీసుకుని తానే తవ్వాడు.

ఆ రెండో సగంలో ఎరుపు నడుమ ఒక్క గడి ఆకుపచ్చగా తేలింది. దాని మీద ఎరుపు రుద్దేస్తే అడిగేవాళ్లు లేరు. ఆమె మళ్లీ బస్సెక్కి వెళ్లి తవ్వి చూసింది. రెండు సంచుల చీటీలు తారుమారయ్యాయి. అన్నదమ్ములిద్దరికీ ఆ సంగతి చెప్పేసింది.

"తప్పు నాదే. ఇప్పుడు సరిచేశాను."

రెండు కాగితాలనూ వాళ్ల అమ్మ ముందు కలిపి పరిచినప్పుడు, ముసలామె ఎర్ర పట్టీ వెంట వేలు నడిపి ఉలిక్కిపడింది.

"ఇది మీ తాత పూడ్పించిన కాలువరా! నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇందులో నీళ్లు పారేవి."

పూడ్చిన కాలువ అడుగున నీరు నిలిచి, ఇద్దరి పొలాల్లోనూ ఉప్పు పైకి తేలుతోందన్నమాట. అన్న తమ్ముడి వైపు తిరిగాడు.

"అయితే నీ బోరు కాదు."

"నాలుగేళ్లుగా అదేగా మొత్తుకుంటున్నా!"

ఆ వేసవిలో ఇద్దరూ కలిసి ఆ పట్టీ వెంట మురుగుకాలువ తవ్వారు. చౌడును విరిచే జిప్సం అక్కడే చల్లారు. మరుసటి ఏడు మాడిన నేలలో చాలా భాగం మోకాలెత్తు పైరుతో నిలబడింది. రెండు గళ్లు మాత్రం మూడో ఏటికీ కోలుకోలేదు. అక్కడ పశువుల గడ్డి వేశారు.

అధికారి ఆమెను మొహం మీద మెచ్చుకున్నది లేదు. ఒక్క సంచితో వచ్చిన రైతుకు మాత్రం, "ఇది చాలదు. మట్టక్క ఎప్పుడొస్తుందో అడుగు," అనడం మొదలుపెట్టాడు.

ఆమె పదవీ విరమణ చేసేనాటికి నూట నలభై పొలాల పటాలు తయారయ్యాయి. ఆఖరి నెలలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలకు ఆమె మొట్టమొదట నేర్పింది నడక.

"అడుగు ఒకేలా పడాలమ్మా. తాడు లేనిచోట మీ కాలే కొలబద్ద."

వాళ్లు నవ్వుకుంటూ వరండాలో అటూ ఇటూ నడుస్తుంటే, ఆమె మెట్టు మీద కూర్చుని ఒక్కో అడుగూ లెక్కపెట్టింది.